పిల్లల ఉబ్బసానికి ఫోన్ యాప్: అది ఏం చేయగలదు, ఎవరి ఫోనులో ఉండాలి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. మీరు బెంగళూరులోని బెళ్లందూరులో ఉంటున్నారు. బాబుకు 7 ఏళ్లు. రెండేళ్లుగా వానాకాలంలోనూ చలికాలంలోనూ రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు వస్తుంటే పిల్లల డాక్టరు ఉబ్బసమని నిర్ధారించి, రోజూ ఉదయం, రాత్రి స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టంతో) తీసుకోవలసిన బుడెసొనైడ్ ఇన్‌హేలర్‌నూ, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే వాడవలసిన సాల్‌బుటమాల్ ఇన్‌హేలర్‌నూ రాశారు. మీరిద్దరూ ఆఫీసుకు వెళ్తే బడి నుంచి వచ్చిన బాబును మీ అమ్మగారు చూసుకుంటారు, ఆవిడ తెలుగు మాత్రమే చదవగలరు. మీ ఫోనులో మూడు యాప్‌లు ఉన్నాయి: ఒకటి మందు వేళకు మోగుతుంది, ఒకటి గాలి నాణ్యత చూపిస్తుంది, మూడోది మైకులో ఊపిరి శబ్దం విని పిల్లికూతలు ఉన్నాయో లేదో చెబుతానంటుంది. వీటిలో దేన్ని నమ్మాలి, వీటివల్ల డాక్టరు దగ్గరికి తిరగడం తగ్గుతుందా, అమ్మగారు వీటిని వాడగలరా అని అడిగారు.

ఈ నగరంలో చాలా ఏళ్లుగా పిల్లల వైద్యుడిగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాల్లో ఎక్కువ మంది పరిస్థితి మీలాంటిదే: తల్లిదండ్రులు ఇద్దరూ ఉద్యోగస్తులు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో పిల్లల దగ్గర ఉంటారు, యాప్ మాత్రం తల్లి ఫోనులో ఉంటుంది. సాయంత్రం 4 గంటలకు బాబుకు ఆయాసం మొదలైనప్పుడు ఆ ఫోను వైట్‌ఫీల్డ్‌లో ఏదో మీటింగులో సైలెంట్‌లో ఉంటుంది. అందుకే యాప్ ఎంత బాగుందన్న విషయం కన్నా, బాబు పక్కన ఉన్న మనిషికి అది అందుతుందా లేదా అన్నది నేను ముందు చూస్తాను. యాప్ చేయగల పనులు నిజానికి మూడే: రోజూ వాడవలసిన కంట్రోలర్ మందును మరిచిపోకుండా చూడటం, అవసరానికి వాడే రిలీవర్ మందు ఎన్నిసార్లు వాడారో లెక్క పెట్టడం, ఆయాసం వచ్చినప్పుడు ఏం చేయాలో డాక్టరు రాసిచ్చిన పథకాన్ని చేతికి అందేలా ఉంచడం. రోగం నిర్ధారించడం, మోతాదు మార్చడం, ఛాతీ వినడం దాని పనులు కావు.

ఈ మూడూ ఎందుకు ముఖ్యమో తెలియాలంటే జబ్బు తీరు కొంత తెలియాలి. ఉబ్బసంలో ఊపిరిగొట్టాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచి ఉంటుంది. జలుబో, పొగో, దుమ్మో తగలగానే ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని గాలి దారి మరింత ఇరుకవుతుంది. సాల్‌బుటమాల్ ఆ కండరాలను నిమిషాల్లో వదులు చేస్తుంది, దాని ప్రభావం నాలుగైదు గంటలు ఉంటుంది, కానీ లోపలి వాపును అది తగ్గించలేదు. వాపును తగ్గించేది బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్, దాని పని తెలియడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పైగా అది బిడ్డ ఆరోగ్యంగా ఆడుకుంటున్న రోజుల్లో కూడా వాడవలసిన మందు. బిడ్డ బాగున్నాడు కదా, ఇక మందెందుకు అని మార్చి, ఏప్రిల్ నెలల్లో మానేయడం, జూన్‌లో బడులు తెరిచి వానలూ జలుబులూ మొదలవగానే అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తడం నేను ఏటా చూసే వ్యవహారం. ఇన్‌హేలర్‌కు పిల్లలు అలవాటు పడిపోతారన్న భయం కూడా దీనికి తోడవుతుంది. అది మత్తుమందు కాదు, మానేస్తే వాపు తిరిగి వస్తుంది, అంతే. స్టెరాయిడ్ వల్ల ఎత్తు తగ్గుతుందన్న మాటలో కొంత నిజం ఉంది గానీ, ఏళ్ల తరబడి వాడిన పిల్లల్లో కనిపించిన తేడా సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే. అదుపులో లేని ఉబ్బసమూ, మాటిమాటికీ నోటితో మింగవలసి వచ్చే స్టెరాయిడ్ మందులూ అంతకన్నా ఎక్కువ హాని చేస్తాయి.

మందు మరిచిపోకుండా గుర్తుచేయడం ఎంతవరకు పనిచేస్తుందో చూపించే మంచి అధ్యయనం ఒకటి ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 6 నుంచి 15 ఏళ్ల వయసున్న 220 మంది పిల్లల కంట్రోలర్ ఇన్‌హేలర్లకు, ఎన్నిసార్లు నొక్కారో నమోదు చేసే చిన్న యంత్రాలను అమర్చారు. సగం మందికి ఆ యంత్రం వేళకు మోగి గుర్తుచేసింది, మిగతా సగం మందికి మోగలేదు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, మోగిన పిల్లలు రాసిన మోతాదుల్లో 84 శాతం తీసుకుంటే, మోగని పిల్లలు 30 శాతమే తీసుకున్నారు. ఈ రెండో సంఖ్యను శ్రద్ధగా చూడండి: అధ్యయనంలో చేరిన కుటుంబాల్లోనే, గుర్తుచేసేది లేకపోతే మందు అంత తక్కువగా లోపలికి వెళ్లింది. అయితే బడికి రాని రోజుల సంఖ్యలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పైగా అక్కడ మోగింది ఇన్‌హేలర్‌కే అమర్చిన యంత్రం, మన ఫోను కాదు. ఫోనులో మోగిన అలారాన్ని వేలితో పక్కకు తోసేయడం ఎంత సులువో మనందరికీ తెలుసు.

కాబట్టి అలారం పెట్టే తీరులో కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. మందు ఇచ్చే మనిషి ఫోనులోనే అది మోగాలి. ఉదయం మీరు, రాత్రి మీ వారు ఇస్తున్నట్టయితే ఎవరి వేళకు వారి ఫోను మోగాలి, ఒకే అలారం ఇద్దరికీ మోగితే ఇద్దరూ ఎదుటివారు ఇచ్చారనే అనుకుంటారు. పళ్లు తోముకునే వేళకు ముందు మందు పెట్టుకుంటే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు. ఇక యాప్‌లో 'ఇచ్చాం' అన్న గుర్తును అలారం మోగినప్పుడు కాక, మందు లోపలికి వెళ్లాక మాత్రమే పెట్టండి. ఆ గుర్తు నొక్కే పని బాబుకే అప్పగించండి, ఆ వయసు పిల్లలకు అది ఇష్టంగానే ఉంటుంది.

రెండో పని, అంటే రిలీవర్ లెక్క, నా దృష్టిలో మొదటిదాని కన్నా విలువైనది, ఎందుకంటే డాక్టరు నిర్ణయాలు ఎక్కువగా దీనిమీదే ఆధారపడి ఉంటాయి. జీనా అనే పేరుతో తెలిసిన అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 6 ఏళ్లు దాటిన పిల్లల గురించి గడిచిన 4 వారాలకు సంబంధించి నాలుగు ప్రశ్నలు అడగమంటాయి: పగటిపూట లక్షణాలు వారానికి 2 సార్ల కన్నా ఎక్కువగా వచ్చాయా, రాత్రి ఉబ్బసం వల్ల ఎప్పుడైనా నిద్ర లేచాడా, రిలీవర్ వారానికి 2 సార్ల కన్నా ఎక్కువగా అవసరమైందా, ఆటపాటలకు ఏమైనా అడ్డం వచ్చిందా. నాలుగింటికీ లేదన్న జవాబు వస్తే జబ్బు అదుపులో ఉన్నట్టు. ఒకటి రెండు అవునంటే కొంతవరకే అదుపులో ఉన్నట్టు, మూడు నాలుగు అవునంటే అదుపు తప్పినట్టు. 'బాబు ఎలా ఉన్నాడు' అని అడిగితే తల్లులు 'బాగానే ఉన్నాడండి' అంటారు. అదే లెక్క తీసి చూస్తే వారంలో నాలుగు సాయంత్రాలు రిలీవర్ వాడినట్టు బయటపడుతుంది. దాచాలని కాదు, నాలుగు వారాల కిందటి మంగళవారం ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు.

కొన్ని యాప్‌లలో 4 నుంచి 11 ఏళ్ల పిల్లల కోసం తయారైన బాలల ఆస్తమా అదుపు పరీక్ష ఉంటుంది. అందులో 7 ప్రశ్నలు, 4 పిల్లవాడికి, 3 తల్లిదండ్రులకు. మొత్తం 27 మార్కులకు 19 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఉబ్బసం సరిగా అదుపులో లేదని అర్థం. పిల్లవాడి ప్రశ్నలకు పిల్లవాడే జవాబు చెప్పాలి. మీరు ప్రశ్నను తెలుగులో చదివి వినిపించండి గానీ, 'నీకు ఆడుకునేటప్పుడు ఏమీ ఇబ్బంది లేదు కదా' అన్న ధోరణిలో అడగకండి. నెలకు ఒకసారి చాలు, రోజూ చేయిస్తే వాడు విసుగెత్తి అన్నింటికీ నవ్వే బొమ్మనే నొక్కుతాడు.

లెక్క వల్ల మరో లాభం ఉంది. మనకు దొరికే ఇన్‌హేలర్లలో కొన్నింటికి ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపించే అంకెల చక్రం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. చక్రం లేని డబ్బాను నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూడటం నమ్మదగిన పరీక్ష కాదు. మందు అయిపోయాక కూడా లోపలున్న వాయువు కొంతకాలం బుస్సుమంటూ వస్తూనే ఉంటుంది, ఇంట్లోవాళ్లు మందు వెళ్తోందనే అనుకుంటారు. రోజుకు 4 పఫ్‌ల చొప్పున వాడితే 200 పఫ్‌ల డబ్బా 50 రోజులకు అయిపోతుంది. కొత్త డబ్బా తెరిచిన తేదీని యాప్‌లో ఒక్కసారి పెడితే, అయిపోవడానికి వారం ముందే అది హెచ్చరించగలదు. రిలీవర్ డబ్బా విషయంలో ఈ లెక్క మరీ అవసరం, ఎందుకంటే అది ఖాళీ అయిందని తెలిసేది సరిగ్గా దానితో పనిపడిన రాత్రే.

ఫోనుతో చేయగలిగిన పనుల్లో నాకు అన్నింటికన్నా ఉపయోగపడేది ఏ ఉబ్బసం యాప్‌లోనూ లేదు, అది మామూలు కెమెరా. బాబు ఇన్‌హేలర్ తీసుకునే తీరును ఒక నిమిషం వీడియో తీసి డాక్టరుకు చూపించండి. మందు పనిచేయడం లేదని వచ్చే పిల్లల్లో చాలామందికి నిజానికి మందు ఊపిరితిత్తుల దాకా చేరడం లేదు. డబ్బాను బాగా కుదిపి స్పేసర్‌కు తగిలించాలి. 7 ఏళ్ల పిల్లవాడికి సాధారణంగా మాస్కు అక్కరలేదు, స్పేసర్ మూతిని పెదవులతో గట్టిగా మూసి పట్టుకోగలడు. ఒక్కసారి నొక్కి, నిదానంగా ఐదారు ఊపిరులు తీసుకోనివ్వాలి, రెండో పఫ్‌కు మళ్లీ కుదిపి మళ్లీ మొదటినుంచీ చేయాలి. రెండు పఫ్‌లూ ఒకేసారి స్పేసర్‌లోకి కొట్టేయడం, పిల్లవాడు ఏడుస్తుండగా పెట్టడం, మూతికీ పెదవులకూ మధ్య సందు వదిలేయడం నేను తరచూ చూసే పొరపాట్లు. స్పేసర్‌ను సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌లో స్థిరవిద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుపోతుంది. రాత్రి ఆయాసం వచ్చినప్పుడు కూడా, రిలీవర్ ఇచ్చిన తర్వాత, చొక్కా పైకెత్తి ఛాతీ కనబడేలా అర నిమిషం వీడియో తీస్తే మర్నాడు డాక్టరుకు మీ వర్ణన కన్నా అది ఎక్కువ చెబుతుంది. మందు ఇవ్వడానికి ముందు మాత్రం కెమెరా జోలికి వెళ్లవద్దు.

మూడో పని, పథకం. డాక్టరు చేత ఒక పేజీలో రాయించుకోండి. పచ్చరంగు భాగంలో బాగున్న రోజుల మందులు, పసుపు భాగంలో జలుబు, దగ్గు, పిల్లికూతలు మొదలైతే రిలీవర్ ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికి ఒకసారి, ఎప్పుడు ఫోను చేయాలి అన్నవి, ఎరుపు భాగంలో ఆసుపత్రికి బయలుదేరవలసిన గుర్తులు. మాట పూర్తి చేయలేకపోవడం, డొక్కలు ఎగరేయడం, పెదవులు నీలంగా మారడం, మగతగా పడి ఉండటం, రిలీవర్ ఇచ్చినా తగ్గకపోవడం లేదా కొద్దిసేపటికే తిరగబెట్టడం ఎరుపు గుర్తులు. బాగా ఆయాసపడుతున్న పిల్లవాడిలో పిల్లికూతలు ఉన్నట్టుండి వినబడకుండా పోతే అది తగ్గినట్టు కాదు, గాలి లోపలికి వెళ్లడమే తగ్గిపోయి ఉండవచ్చు. మైకుతో వినే యాప్ ఇలాంటప్పుడే 'పిల్లికూతలు లేవు' అని చెప్పే ప్రమాదం ఉంది. మీ మూడో యాప్‌ను తీసేయమని చెప్పడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఎరుపు స్థితిలో యాప్ తెరిచి వెతుక్కునే వేళ ఉండదు. అందుకని ఆ పేజీ ఫోటో మీ అమ్మగారి ఫోనులో మొదటి తెరమీదే ఉండాలి, అచ్చు తీసిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉండాలి, రెండూ తెలుగులో ఉండాలి. రాత్రివేళ, రద్దీవేళ ఏ ఆసుపత్రికి వెళ్లాలో ముందే తేల్చుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం 6 గంటలకు మూడు కిలోమీటర్లు ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కర్ణాటకలో అంబులెన్సుకు 108, ఇతర అత్యవసరాలకు 112. ఆసుపత్రికి వెళ్లే దారిలో కూడా స్పేసర్‌తో రిలీవర్ ఇస్తూనే ఉండవచ్చు, ఎన్ని పఫ్‌లన్నది ఆ పేజీలోనే రాసి ఉండాలి.

బలంగా ఊదినప్పుడు గాలి ఎంత వేగంగా బయటికి వస్తుందో కొలిచే పీక్ ఫ్లో మీటరు రీడింగులు అడిగే యాప్‌లు కూడా ఉన్నాయి కాబట్టి ఒక మాట. 7 ఏళ్ల పిల్లవాడు నేర్పితే ఊదగలడు. బాగున్న రెండు వారాల్లో రోజూ ఊదించి అతడి అత్యుత్తమ అంకె తెలుసుకుంటే, దానిలో 80 శాతం పైన పచ్చ, 50 నుంచి 80 మధ్య పసుపు, 50 కన్నా తగ్గితే ఎరుపు అని లెక్కిస్తారు. కొన్ని యాప్‌లు ఎత్తును బట్టి ఉండవలసిన అంకెను తామే చూపిస్తాయి, అది వేరే దేశాల పిల్లల సగటుల నుంచి వచ్చినదై ఉండవచ్చు, మీ బాబు సొంత అంకెనే వాడండి. నా అభిప్రాయంలో ఈ మీటరు అందరికీ అవసరం లేదు. తీవ్రమైన ఆయాసాలు వచ్చిన పిల్లలకూ, ఆయాసం ముదిరేదాకా తమకు తెలియని పిల్లలకూ అది పనికొస్తుంది.

ఇక గాలి నాణ్యత చూపే యాప్. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నడిపే సమీర్ యాప్‌లో బెంగళూరులోని సిల్క్ బోర్డు, బీటీఎం లేఅవుట్, హెబ్బాళ, పీణ్య వంటి కేంద్రాల రీడింగులు దొరుకుతాయి. 2015లో మొదలైన మన జాతీయ గాలి నాణ్యత సూచీ 50 దాకా మంచిది, 100 దాకా సంతృప్తికరం, 200 దాకా మధ్యస్థం, 300 దాకా హీనం, 400 దాకా అతిహీనం, ఆపైన తీవ్రం అని విభజిస్తుంది. ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. మొదటిది, సన్నని ధూళి కణాలకు సంబంధించి ఆ అంకె 24 గంటల సగటు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఉదయం 8 గంటలకు సిల్క్ బోర్డు కూడలిలో ఆగిన బడి బస్సు కిటికీలోంచి మీ బాబు పీల్చే గాలి అందులో కనబడదు. రెండోది, విదేశీ యాప్‌లు చాలావరకు అమెరికా కొలమానాన్ని వాడతాయి. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అనే ఆ సన్నని కణాలు 60 మైక్రోగ్రాములుంటే మన సూచీ 100 అని, అంటే సంతృప్తికరం అని చెబుతుంది, అమెరికా సూచీ అదే గాలికి 150 దాటిన అంకె వేసి అనారోగ్యకరం అంటుంది. ఒకరోజు ఒక యాప్, మరోరోజు ఇంకో యాప్ చూస్తే గాలి మారిందో కొలబద్ద మారిందో తెలియదు. ఏదో ఒకదాన్నే పట్టుకోండి.

బెంగళూరు గాలికీ పిల్లల ఉబ్బసానికీ సంబంధం గురించి మాట్లాడేవారు తరచూ ఇక్కడి పిల్లల ఊపిరితిత్తుల వైద్యుడు డాక్టర్ హెచ్. పరమేశ్ లెక్కలను ఉదాహరిస్తారు. ఆసుపత్రికి వచ్చిన 18 ఏళ్లలోపు పిల్లల్లో ఉబ్బసం ఉన్నవారి వాటా 1979లో 9 శాతం ఉంటే 1999 నాటికి 29.5 శాతానికి పెరిగిందని ఆయన చూపించారు. అవి ఆసుపత్రి లెక్కలు, నగరంలోని పిల్లలందరికీ వర్తించవు. అయినా వాహనాలతో పాటు నగరం పెరిగిన కాలంలో పెరుగుదల ఎంత నిటారుగా సాగిందో వాటిలో తెలుస్తుంది. దీన్నిబట్టి బాబును ఇంట్లో బంధించమని నేను చెప్పను. అంకె 200 దాటిన రోజున, దీపావళి రాత్రుల్లో, పక్క స్థలంలో ఇల్లు పడగొడుతున్నప్పుడు ఆటను వేరే వేళకో వేరే చోటికో మార్చండి, మిగతా రోజుల్లో ఆడనివ్వండి. పరుగెత్తితే దగ్గు వస్తోందంటే ఆట మాన్పించే ముందు డాక్టరుకు చెప్పండి, చాలాసార్లు అది కంట్రోలర్ చాలడం లేదనడానికి గుర్తు.

నా అనుభవంలో ఈ వయసు పిల్లలకు ఆయాసం తెప్పించే వాటిలో బడి నుంచి అంటుకొచ్చే జలుబుదే మొదటి స్థానం, గాలి సూచీ దాని తర్వాతే. ఆపైన ఇంట్లోవి: దోమల చుట్ట, అగరుబత్తి, సాంబ్రాణి పొగ, ఎండుమిర్చి తాళింపు ఘాటు, బొద్దింకలు, వానాకాలంలో గోడకు ఆనించిన బీరువా వెనక పట్టే బూజు, ఎవరైనా తాగే సిగరెట్టు. ఖాళీ స్థలాల్లో మోకాలెత్తు పెరిగే వయ్యారిభామ పుప్పొడి కూడా కొందరికి పడదు. వీటిలో ఏదీ వాతావరణ యాప్‌కు తెలియదు, కాబట్టి రిలీవర్ వాడిన ప్రతిసారీ పక్కన రెండు మాటలు రాయండి: 'జలుబు రెండో రోజు', 'పక్కింటి పెయింటు వాసన' అని. రెండు నెలలు రాస్తే ఒక వరస కనబడవచ్చు. యాప్ ఇచ్చే కారణాల జాబితాలో ఆహారం పేరు చూసి పెరుగు, అరటిపండు, ద్రాక్ష అన్నీ మాన్పించే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఫలానాది తిన్న ప్రతిసారీ కొద్దిసేపటికే ఆయాసం వస్తున్నట్టు స్పష్టంగా నమోదైతే తప్ప, పిల్లవాడి పెరుగన్నం జోలికి వెళ్లకండి.

కెమెరా మీద వేలు పెడితే రక్తంలో ఆక్సిజన్ చెబుతామనే యాప్‌లను కూడా పక్కన పెట్టండి. అది తెలుసుకోవాలంటే వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు కొనుక్కోవడమే సరైనది. 92 కన్నా తక్కువ చూపిస్తే అది ఎరుపు గుర్తు. 97 చూపించినా డొక్కలు ఎగరేస్తుంటే అంకెను వదిలి బిడ్డను నమ్మండి. శ్వాస వ్యాయామాలతో ఇన్‌హేలర్ మానిపిస్తామనేవి, నమోదు చేసిన లక్షణాలను బట్టి మోతాదు మార్చమని తామే చెప్పేవి, మధ్యలో మందులు అమ్మేవి కూడా ఇదే కోవలోకి వస్తాయి.

సమాచార గోప్యత గురించి క్లుప్తంగా. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం ఉన్నా, బాబు పూర్తి పేరు, బడి పేరు, ఫోటో అడిగే యాప్‌కు అవి ఇవ్వవలసిన పనిలేదు, ముద్దుపేరుతో కూడా లెక్క నడుస్తుంది. నమోదైనదంతా పీడీఎఫ్‌గా బయటికి తీసుకునే వీలు లేని యాప్‌ను ఎంచుకోకండి. రేపు అది మూతపడితే మీ రెండేళ్ల లెక్క దానితోపాటే పోతుంది.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. ఆవిడకు కొత్త యాప్ నేర్పే ప్రయత్నం చేయవద్దనే నా సలహా. ఆవిడ ఇప్పటికే వాట్సాప్ వాడుతూ ఉంటారు కదా, మీ ముగ్గురితో ఒక గ్రూపు పెట్టండి, దానికి బాబు మందు అని పేరు పెట్టండి. రిలీవర్ ఇచ్చినప్పుడల్లా ఆవిడ 'సాయంత్రం నాలుగున్నరకు రెండు పఫ్‌లు ఇచ్చాను, దగ్గు తగ్గింది' అని ఒక వాయిస్ మెసేజ్ పెడితే చాలు, దాన్ని రాత్రి మీరు యాప్‌లోకి ఎక్కించండి. ఇన్‌హేలర్ల రంగులు కంపెనీని బట్టి మారుతాయి కాబట్టి రంగుతో గుర్తు చెప్పకండి. రెండు డబ్బాలకూ 'రోజూ', 'ఆయాసానికి' అని పెద్ద తెలుగు అక్షరాలతో కాగితం అంటించండి. బడిలో కూడా క్లాసు టీచరుకు పథకం ప్రతి, పేరు రాసిన రిలీవర్, స్పేసర్ ఇచ్చి ఉంచండి. బడిలో ఫోను ఉండదు, కాగితమే ఉండాలి.

వేసవి సెలవులకు ఊరికి పంపుతారు కదా, అసలు చిక్కు అక్కడే వస్తుంది. అలారం మోగే ఫోను బెంగళూరులో ఉండిపోతుంది, ఊళ్లో తాతగారు 'ఇక్కడ మంచి గాలి, మందెందుకు' అంటారు. సెలవులు ముగిసేసరికి మృగశిర కార్తె వస్తుంది, హైదరాబాద్ నాంపల్లిలో ఇచ్చే చేప ప్రసాదానికి తీసుకెళ్దామన్న మాట కూడా వస్తుంది. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి వైద్యపరమైన రుజువు లేదు, బతికున్న చేపను చిన్నపిల్లల చేత మింగించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పెద్దల మాట కాదనలేని పరిస్థితి ఉంటే మీ డాక్టరు చేతనే వారికి ఫోనులో చెప్పించండి. ఏది ఏమైనా కంట్రోలర్ ఒక్కరోజు కూడా ఆగకూడదు, ఆ రెండు నెలలూ అలారం తాతగారి ఫోనులోకి మారాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గుతుందా అని అడిగారు. నిలకడగా ఉన్నప్పుడు కూడా సుమారు 3 నెలలకు ఒకసారి చూపించాలి, ఎందుకంటే జబ్బు 3 నెలలు చక్కగా అదుపులో ఉంటేనే మోతాదు తగ్గించే ఆలోచన చేస్తారు, అది ఛాతీ విని, ఎత్తు, బరువు చూసి చేయవలసిన నిర్ణయం. ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లివచ్చాక కొద్ది రోజుల్లోనే మళ్లీ చూపించాలి. మధ్యలో చిన్న సందేహాలకు వీడియో సంప్రదింపు సరిపోవచ్చు. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం పిల్లవాడి పక్కన పెద్దవారు ఉంటేనే డాక్టరు ఆ సంప్రదింపు జరపాలి, కాబట్టి మీరు ఆఫీసు నుంచి, బాబు ఇంటి నుంచి వేర్వేరుగా కాకుండా, అమ్మగారు బాబు పక్కనే ఉండేలా చూసుకోండి. యాప్ వల్ల వెళ్లే సంఖ్య పెద్దగా తగ్గకపోవచ్చు గానీ, వెళ్లిన పది నిమిషాలూ పనికొస్తాయి. అయితే రంగురంగుల గ్రాఫులు ఆరు తెరల నిండా చూపిస్తే ఏ డాక్టరూ చదవడు. గడిచిన 4 వారాల్లో కంట్రోలర్ ఎన్ని పూటలు తప్పింది, రిలీవర్ ఎన్ని రోజులు వాడారు, ఎన్ని రాత్రులు లేచాడు, బడి ఎన్ని రోజులు మానాడు అన్న నాలుగు అంకెలు ఒక కాగితం మీద, పక్కన ఆ వీడియో ఉంటే చాలు.

మీ మూడింటిలో మందు వేళకు మోగేదాన్ని ఉంచుకోండి, గాలి యాప్‌ను ఇష్టముంటే ఉంచుకోండి, మైకుది తీసేయండి. రెండు వారాలు ఏమీ నమోదు చేయకుండా గడిచిపోయాయంటే ఆ యాప్ మీ ఇంటికి సరిపడలేదని అర్థం. వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండరులో తేదీ పక్కన పెన్నుతో గీతలు పెట్టినా ఇదే లెక్క వస్తుంది, దాన్ని అమ్మగారు కూడా రాయగలరు. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు రెండు ఇన్‌హేలర్లూ, స్పేసరూ, బాబునూ వెంట తీసుకెళ్లి, పథకం పేజీని తెలుగులో రాయమని అడగండి. పసుపు, ఎరుపు భాగాల్లో పఫ్‌ల సంఖ్య దగ్గర ఖాళీ వదిలేసి ఉంటే, దాన్ని ఆయన చేత నింపించుకున్నాకే గదిలోంచి బయటికి రండి.